‘నడుస్తోంది’ పక్కన టైమ్ వేయండి

మా డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో గ్రాఫిక్స్ కార్డున్న మెషిన్ ఒక్కటే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో మోడల్ ట్రైనింగ్ ఉన్నవాళ్ళందరూ దాని మీదే పడతారు. ఎవరి పని ముందు, ఎవరిది వెనక అన్న గొడవ రాకుండా మేం నలుగురం కలిసి పైథాన్‌లో ఒక చిన్న క్యూ ప్రోగ్రాం రాసుకున్నాం. దానికి తోడుగా స్టేటస్ చూపించే కమాండ్ ఒకటి నేను రాశాను. పేరు ‘పని’. హాస్టల్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో ల్యాబ్ మెషిన్‌లోకి లాగిన్ అయ్యి ‘పని’ అని కొడితే ఒక పట్టిక వస్తుంది. ఎవరి జాబ్, దాని స్థితి (వరసలో ఉంది, నడుస్తోంది, అయిపోయింది, ఆగిపోయింది), మొదలై ఎంతసేపైంది, జాబ్ పేరు. అంతే.

వారం తిరక్కుండానే ఒకటి గమనించాను. ఎవరి టెర్మినల్ చూసినా పై బాణం మీట, ఎంటర్, పై బాణం మీట, ఎంటర్. అందరూ చేత్తోనే రిఫ్రెష్ చేసుకుంటున్నారు. సరే, దానంతటదే మారే లైవ్ ఆప్షన్ ఒకటి పెడదాం, ఒక లూపే కదా అనుకున్నా. లూప్ రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ లూప్ వల్ల మా రూమ్మేట్‌కి ఒక రివ్యూ పాడైంది. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటిది రాస్తారు కాబట్టి, మొదటి నుంచీ వరసగా చెప్తాను. అన్ని బ్రాంచిలవాళ్ళూ చదువుతారు, అందుకే కోడ్ పెట్టకుండా మాటల్లోనే చెప్తున్నా. మీకొచ్చిన భాషలో రాసుకోండి.

ముందు ఉన్నదాన్ని వాడి చూడండి

లినక్స్‌లో వాచ్ అనే కమాండ్ ఉంది. దాని పక్కన మీ కమాండ్ పేరు రాస్తే ప్రతి 2 సెకన్లకోసారి దాన్ని మళ్ళీ నడిపి, ఫలితాన్ని తెర నిండా చూపిస్తుంది. ఎన్ ఆప్షన్‌తో ఆ 2 ని 5 గానో 10 గానో మార్చుకోవచ్చు. డి ఆప్షన్ ఇస్తే పోయినసారికీ ఈసారికీ ఏం మారిందో హైలైట్ చేస్తుంది. చాలా పనులకి ఇదే చాలు. కొత్తగా ఏమీ రాయక్కర్లేదు.

మాకు సరిపోనివి మూడు. ఒకటి, వాచ్ ప్రతిసారీ మన ప్రోగ్రామ్‌ని మొదటి నుంచీ నడుపుతుంది. అంటే ప్రతిసారీ పైథాన్ లేవాలి, సర్వర్‌తో కొత్తగా మాట కలపాలి. రెండు, అలా నడిచినప్పుడు మన ఔట్‌పుట్ టెర్మినల్‌కి కాకుండా వాచ్ చేతికి వెళ్తుంది. ఎదురుగా టెర్మినల్ ఉంటేనే రంగులు వేసే ప్రోగ్రాములు అప్పుడు రంగులు మానేస్తాయి. మూడు, నా జాబ్ అయిపోగానే అది ఆగాలి. వాచ్‌లో జి అనే ఆప్షన్ ఉంది, ఫలితం మారగానే ఆగిపోతుంది. కానీ మా పట్టికలో ‘ఎంతసేపైంది’ అనే కాలమ్ ప్రతిసారీ మారుతుంది కాబట్టి అది మొదటి రిఫ్రెష్‌కే ఆగిపోతుంది. అందుకే సొంతంగా రాయాల్సి వచ్చింది.

తుడువు, గీయి, పడుకో

నా మొదటి లూప్‌లో మూడే మెట్లు. తెర మొత్తం తుడువు. పట్టిక గీయి. 5 సెకన్లు పడుకో. పనిచేసింది గానీ తెర మిణుకుమిణుకుమంటోంది. తుడవడానికీ గీయడానికీ మధ్య ఒక్క క్షణం ఖాళీ తెర కనిపిస్తోంది. ఎస్‌ఎస్‌హెచ్ మీద, అందులోనూ హాస్టల్ వైఫై మీద, ఆ క్షణం ఇంకా సాగుతుంది.

టెర్మినల్‌ని మనం నడిపేది అక్షరాలతోనే. ఎస్కేప్ అనే అక్షరం (దాని నంబరు 27), వెంటనే ఎడమ చదరపు బ్రాకెట్, ఆ తర్వాత పెద్ద హెచ్ పంపితే కర్సర్ పైన ఎడమ మూలకి వెళ్తుంది. హెచ్ బదులు పెద్ద కె పంపితే కర్సర్ దగ్గర్నుంచి ఆ లైను చివరిదాకా తుడుస్తుంది. పెద్ద జె పంపితే కర్సర్ దగ్గర్నుంచి తెర అడుగుదాకా తుడుస్తుంది. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్‌తో ఈ పద్ధతి బాగా పాతుకుపోయింది. మన ల్యాప్‌టాప్‌లోని టెర్మినల్ విండో ఇవాళ్టికీ ఆ భాషే వింటుంది.

కాబట్టి తెరని ముందే తుడవద్దు. కర్సర్‌ని పై మూలకి పంపి, పాత పట్టిక మీదే కొత్త పట్టిక రాయండి. ప్రతి లైను చివర పెద్ద కె. అన్ని లైన్లూ అయ్యాక పెద్ద జె, ఎందుకంటే పోయినసారి 12 లైన్లుండి ఈసారి 9 ఉంటే మిగిలిన మూడూ కిందే వేలాడతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి. ఒక్కో లైనూ విడిగా ప్రింట్ చేయకండి. మొత్తం తెరని ఒకే స్ట్రింగ్‌గా కూర్చి, ఒక్కసారే రాసి, ఫ్లష్ చేయండి. ఈ రెండూ చేశాక మిణుకు ఆగిపోయింది.

వెళ్ళేటప్పుడు ఇల్లు సర్ది వెళ్ళాలి

పై పద్ధతిలో వాడినవాళ్ళ పాత కమాండ్లూ వాటి ఫలితాలూ మన పట్టిక కింద చెరిగిపోతాయి. దీనికి టెర్మినల్‌లో రెండో తెర ఉంటుంది. ఎస్కేప్, బ్రాకెట్, ప్రశ్నార్థకం, 1049, చిన్న హెచ్ పంపితే ఆ తెర వస్తుంది. చివర హెచ్ బదులు చిన్న ఎల్ పంపితే పాత తెర ఉన్నదున్నట్టు తిరిగొస్తుంది. విమ్ తెరిచి మూసినప్పుడు జరిగేది ఇదే. అలాగే 25 నంబరుతో కర్సర్‌ని దాచొచ్చు, చూపించొచ్చు.

చిక్కంతా బయటికొచ్చేటప్పుడే. లైవ్ ఆప్షన్‌ని ఎవరైనా ఆపేది కంట్రోల్-సి తోనే. అంటే అది అనుకోని ప్రమాదం కాదు, మన ప్రోగ్రామ్‌కి మామూలు ముగింపు. అప్పుడు కర్సర్‌ని చూపించి, పాత తెర తెచ్చి, ఎర్రర్ల చాంతాడు ఏమీ లేకుండా ఆగాలి. పైథాన్‌లో ఈ సర్దుడు పనిని ఫైనల్లీ బ్లాక్‌లో పెట్టండి. ఎవరైనా కిల్ కమాండ్ కొడితే వచ్చే 15వ నంబరు సిగ్నల్‌కి కూడా అదే దారి చూపించండి. 9వ నంబరు సిగ్నల్‌ని మాత్రం ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు. అలా పోతే కర్సర్ కనపడకుండా ఉండిపోతుంది, రీసెట్ అని కొట్టుకోవాలని హెల్ప్‌లో ఒక లైను రాశాను.

చూసేది మనిషేనా?

ఒక జూనియర్ ‘పని’ లైవ్ ఆప్షన్‌ని పైపు పెట్టి గ్రెప్‌కి పంపాడు. “అన్నా, ఏంటిది, ఫైల్ నిండా చెత్త అక్షరాలొచ్చాయి” అని స్క్రీన్‌షాట్ పెట్టాడు. తప్పు నాదే. రాసేముందు మన ఔట్‌పుట్ అవతల ఉన్నది టెర్మినలేనా అని అడగాలి. పైథాన్‌లో ఈజ్ ఏ టీటీవై అనే ఫంక్షన్ అందుకే ఉంది. టెర్మినల్ కాకపోతే కర్సర్ సంకేతాలొద్దు, రంగులొద్దు, రెండో తెరా వద్దు. ప్రతిసారీ టైముతో సహా మామూలు లైన్లు ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోవాలి.

మన క్లబ్బువాళ్ళ వల్ల బయటపడ్డ తప్పు ఇంకోటుంది. ఒకావిడ తన జాబ్‌కి ‘క్షీరసాగరం’ అని పేరు పెట్టింది. పట్టిక వంకరపోయింది. ‘క్షీ’ మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది క, పొల్లు, ష, దీర్ఘం కలిపి నాలుగు. పైథాన్‌లో పొడవు అడిగితే 4 అంటుంది. తెర మీద దానికెన్ని గళ్ళు పడతాయో టెర్మినల్‌ని బట్టి మారుతుంది. ఖాళీలు లెక్కపెట్టి కాలమ్‌లు సర్దితే తప్పక తప్పుతుంది. అప్పటిదాకా ముందున్న జాబ్ పేరుని పట్టికలో చివరి కాలమ్‌గా మార్చాను, అప్పుడు దాని వెడల్పు ఎంతైనా పక్కవాటికి నష్టం లేదు. లైను పొడవెక్కి రెండో వరసకి జారకుండా, గీసేటప్పుడు మడత పెట్టడాన్ని కూడా ఆపాను (7వ నంబరు, చిన్న ఎల్). విండో సైజు ప్రతి రిఫ్రెష్‌కీ కొత్తగా అడిగి తెలుసుకోండి, మధ్యలో ఎవరైనా విండో లాగితే తర్వాతి రిఫ్రెష్‌కి సర్దుకుంటుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ తెర అందం గురించి. అసలు తప్పు ఇక్కడ లేదు.

ఆ రాత్రి

రెండో రివ్యూ మర్నాడు పొద్దున 10కి. రూమ్మేట్ ట్రైనింగ్ రాత్రి 10కి మొదలైంది, దాదాపు 7 గంటల పని. ఐదింటికి అయిపోతుంది, గ్రాఫులు గీసుకోడానికి కావాల్సినంత టైముంది. నేను నా రిపోర్టు రాసుకుంటూ పక్క విండోలో ‘పని’ లైవ్‌లో పెట్టుకున్నా. ఒంటిగంటన్నరకి చూశాను. నడుస్తోంది, 3 గంటల 30 నిమిషాలు. మూడున్నరకి వాడు నిద్రలోంచి లేచి “మామా, నడుస్తోందా?” అన్నాడు. “నడుస్తోంది, పడుకోరా” అన్నాను. తెర మీద 5 గంటల 30 నిమిషాలు. కళ్ళెదుటే సెకన్లు కదులుతున్నాయి.

ఐదున్నరకి కూడా నడుస్తోందనే ఉంది. అనుమానమొచ్చి ఇంకో విండోలో లైవ్ ఆప్షన్ లేకుండా ఉత్త ‘పని’ కొట్టాను. “సర్వర్ పలకడం లేదు” అని వచ్చింది.

జరిగిందేమిటంటే, ఒంటిగంట దాటాక డిస్క్ నిండిపోయింది. చెక్‌పాయింట్ రాయబోయి ట్రైనింగ్ ఆగిపోయింది. అదే డిస్క్ మీద లాగ్ రాసుకునే మా క్యూ ప్రోగ్రాం కూడా పడిపోయింది. లాగ్‌లో చివరి లైను 1:12 కి ఉంది. లైవ్ లూప్‌లో నేనేం రాశానంటే, సర్వర్ నుంచి సమాచారం రాకపోతే ఎర్రర్ చూపించకుండా పోయినసారి పట్టికే మళ్ళీ గీయమని. వైఫై ఒక్క క్షణం ఆడకపోతే తెర పాడైపోకూడదని అలా రాశాను. పైగా ‘ఎంతసేపైంది’ అనే లెక్క సర్వర్ ఇచ్చేది కాదు. జాబ్ మొదలైన టైముని ఇప్పటి టైములోంచి తీసేసి నా ప్రోగ్రామే వేసుకునేది. అందుకే జాబ్ చచ్చిపోయాక కూడా దాని గడియారం నాలుగు గంటలకు పైగా తిరుగుతూనే ఉంది.

ఒంటిగంటన్నరకి ఆ తెర నిజం చెప్పుంటే మా పాత చెక్‌పాయింట్లు తీసేసి, మళ్ళీ మొదలుపెట్టి, ఎనిమిదిన్నరకల్లా పూర్తిచేసేవాళ్ళం. అప్పుడు నేను మెలకువగానే ఉన్నాను, ఆ తెరనే చూస్తున్నాను. వాడు పోయిన వారం చేసిన చిన్న రన్ ఫలితాలతోనే రివ్యూకి వెళ్ళాడు. గైడ్ మేడమ్ తిట్టలేదు. “ఎప్పుడు ఆగిందమ్మా? మీకెప్పుడు తెలిసింది?” అని రెండే అడిగారు. మొదటిదానికి జవాబు 1:12. రెండోదానికి 5:30. ఆ రెండింటి మధ్య తేడా మొత్తం నేను రాసిన ఆప్షనే.

ఏం మార్చాను

చిన్నప్పుడు వ్యాకరణంలో వర్తమాన కాలం, భూత కాలం చదువుకున్నాం కదా. ‘నడుస్తోంది’ వర్తమాన కాలం. ఉత్త ‘పని’ కొట్టినప్పుడు అడిగిన క్షణానికే జవాబు, ఆ తర్వాతి సంగతికి అది బాధ్యత తీసుకోదు. లైవ్ ఆప్షన్ అలా కాదు. తెర మీద ఉన్నంతసేపూ ‘ఇప్పుడు కూడా ఇంతే’ అని చెప్తూనే ఉంటుంది. ఆ మాట నిలబెట్టుకోలేనప్పుడు వర్తమాన కాలం వాడకూడదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా మార్పులన్నీ వాటంతటవే వస్తాయి.

మొదటిది, పట్టికలోని ప్రతి అంకె ఒకే జవాబులోంచి రావాలి. ‘ఎంతసేపైంది’ ఇప్పుడు సర్వరే లెక్కకట్టి పంపుతుంది, ఆ జవాబు తయారైన టైముతో సహా. జవాబు రాకపోతే ఆ అంకె కదలదు.

రెండోది, జవాబు రానప్పుడు పాత పట్టిక ఉంచొచ్చు, పనికొస్తుంది. కానీ అది పాతదని పైన పెద్దగా చెప్పాలి. ఇప్పుడు మొదటి లైను రంగు తిరగేసి, “పాత సమాచారం, 01:12:40 నాటిది, సర్వర్ పలకడం లేదు” అని వస్తుంది. కింద పట్టిక మసకగా మారుతుంది. ‘నడుస్తోంది’ అన్న చోట ‘తెలీదు’ అని వస్తుంది.

మూడోది, అడిగిన ప్రశ్నకి గడువుండాలి. సర్వర్ పడిపోతే ఎర్రర్ వస్తుంది, బానే ఉంది. పడిపోకుండా బిగుసుకుపోతే జవాబూ రాదు, ఎర్రరూ రాదు. లూప్ అక్కడే నిలబడిపోతుంది. అందుకని 3 సెకన్లు దాటితే రానట్టే లెక్క.

నాలుగోది నాకు ఆలస్యంగా వెలిగింది. మొదట్లో పైన “2 సెకన్ల క్రితం” అని వేశాను, చూడ్డానికి బాగుందని. ఒకరోజు హాస్టల్ వైఫై పోయింది. ఎస్‌ఎస్‌హెచ్ తెగింది గానీ విండో అలాగే ఉంది. అరగంట తర్వాత కూడా తెర మీద “2 సెకన్ల క్రితం” అనే ఉంది. నిజమే మరి, ఆ మాట మార్చాల్సిన ప్రోగ్రామ్‌కీ నా తెరకీ మధ్య దారే లేదు కదా. గీసే చెయ్యే పోయినప్పుడు ‘ఇంత క్రితం’ అనే మాట కూడా అబద్ధమైపోతుంది. “01:12:40 నాటిది” అన్న మాట మాత్రం ఎప్పుడు చదివినా నిజమే. చదివేవాళ్ళు తమ గడియారంతో పోల్చుకుంటారు. వాచ్ కమాండ్ పై మూలన తేదీ, టైమ్ ఎందుకు వేస్తుందో నాకు అప్పుడర్థమైంది. స్లర్మ్ అనే పెద్ద క్లస్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌క్యూ కమాండ్‌కి ఐ అనే ఆప్షన్ ఉంది, అది కూడా మన లైవ్ లాంటిదే. ఆ పట్టికతోపాటు కూడా టైమ్ ముద్ర వస్తుంది.

ఐదోది గడియారాల సంగతి. తెర మీద వేసే టైముకి మామూలు గడియారం వాడండి. 5 సెకన్ల లెక్కకి మాత్రం మోనోటోనిక్ గడియారం వాడండి, ఎందుకంటే మామూలు గడియారాన్ని సిస్టమ్ మధ్యలో సరిచేయొచ్చు, ముందుకో వెనక్కో దూకుతుంది.

అన్నీ కలిపితే లూప్ ఇలా తయారైంది:

1. ఎదురుగా ఉన్నది టెర్మినలేనా చూడు. కాకపోతే మామూలు లైన్లే రాయి.
2. రెండో తెర తెరువు, కర్సర్ దాచు.
3. 3 సెకన్ల గడువుతో సర్వర్‌ని అడుగు.
4. జవాబొస్తే దాన్నీ దాని టైమునీ దాచుకో. రాకపోతే ‘పాతది’ అని గుర్తు పెట్టుకో.
5. విండో సైజు అడిగి, తెర మొత్తాన్ని ఒకే స్ట్రింగ్‌గా కూర్చి ఒక్కసారే రాయి.
6. తాజా జవాబులో నా జాబ్ అయిపోయిందనో ఆగిపోయిందనో ఉంటే లూప్ ఆపు.
7. 5 సెకన్లలో ఇంకా ఎంత మిగిలిందో అంతే పడుకో. మళ్ళీ 3కి వెళ్ళు.
8. ఎలా ఆగినా సరే, కర్సర్ చూపించి పాత తెర తెచ్చి వెళ్ళు.

ఆరో మెట్టులో ‘తాజా’ అన్న మాట మర్చిపోకండి. లైవ్ ఆగాక, చివరి పట్టికని మామూలు తెర మీద ఒకసారి ప్రింట్ చేయడం కూడా మంచిది. లేకపోతే రెండో తెరతోపాటు ఫలితం కూడా మాయమైపోయి, ఏమైందో ఎవరికీ తెలీదు.

అందరూ ఒకేసారి చూస్తే

ఇంకో లెక్క చెప్పి ఆపేస్తాను. 60 మంది క్లాసు. అందరూ సెకనుకోసారి రిఫ్రెష్ పెట్టుకుంటే గంటకి 2,16,000 ప్రశ్నలు. అదే 5 సెకన్లకోసారైతే 43,200. చేత్తో ఎంటర్ కొట్టేటప్పుడు మనిషికి అలుపొస్తుంది. లైవ్ ఆప్షన్‌కి అలుపు రాదు, చూసేవాడు నిద్రపోయినా అది అడుగుతూనే ఉంటుంది. స్లర్మ్ మాన్యువల్‌లోనే ఎస్‌క్యూ లాంటి కమాండ్లని షెల్ స్క్రిప్ట్ లూపుల్లో పెట్టొద్దని హెచ్చరిక ఉంటుంది, అడిగే ప్రతిసారీ అసలు కంట్రోలర్‌కి బరువే కాబట్టి. అందుకే మా ‘పని’లో 2 సెకన్ల కంటే తక్కువ ఒప్పుకోదు. సర్వర్ కూడా ఒకసారి తయారుచేసిన జవాబుని 2 సెకన్లపాటు ఉంచుకుని, ఆలోపు అడిగిన అందరికీ అదే ఇస్తుంది. జవాబు మీద టైముంటుంది కాబట్టి ఇందులో మోసమేమీ లేదు.

మీరు రాశాక ఈ పరీక్షలు చేయండి. లైవ్ నడుస్తుండగా సర్వర్ ప్రోగ్రామ్‌ని చంపండి. వైఫై తీసేయండి. సర్వర్‌ని చంపకుండా, కిల్ కమాండ్‌తో స్టాప్ సిగ్నల్ పంపి బిగించండి. కంట్రోల్-సి కొట్టి కర్సర్ తిరిగొచ్చిందో లేదో చూడండి. ఔట్‌పుట్‌ని ఒక ఫైల్‌లోకి పంపి, ఆ ఫైల్ తెరిచి చదవండి. జాబ్‌కి తెలుగులో పేరు పెట్టండి. ప్రతిసారీ తెర వైపు చూసి ఒకటే అడగండి: ఇందులో ఉన్నది ఎప్పటి మాట? తెర జవాబు చెప్పాలి.

వీటిలో మొదటి పరీక్షకి ఐదు నిమిషాలు చాలు. లూప్ రాసిన రోజే నేనది చేసుంటే సరిపోయేది. రూమ్మేట్ ఆ తర్వాత మళ్ళీ ట్రైనింగ్ పెట్టుకున్నాడు, పూర్తయింది. ఇప్పుడు రాత్రిళ్ళు లేచి “నడుస్తోందా?” అని అడగడు. “ఎన్నింటి మాటరా అది?” అని అడుగుతాడు. నేను పై లైను చదివి చెప్తాను.